గోడ దిగిన నాన్న

మా ఆయన టీవీలో చచ్చిపోవడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఆ పనిలో ఆయన్ని మించినవాడు లేడని ఆ రంగంలో అందరూ ఒప్పుకుంటారు.

సీరియల్ మొదలైన వారంలోనే పోతారు. గుండెపోటో, ప్రమాదమో, నమ్మినవాళ్లు మోసం చేస్తే కుంగిపోవడమో, ఏదో ఒకటి. ఆ తర్వాత ఆయన ఫోటో నల్ల ఫ్రేములో హాలు గోడ మీదికెక్కుతుంది. కింద సోఫాలో కొడుకులు ఆస్తి కోసం కొట్టుకుంటారు. కోడలు ఫోటో ముందు నిలబడి "మావయ్యా, మీరుంటే ఇలా జరిగేదా" అని ఏడుస్తుంది. కెమెరా ఒకసారి ఆయన మొహం మీదికి వెళ్లి వస్తుంది. అలా మూడేళ్లు, నాలుగేళ్లు. అందులో ఆయన పనిచేసింది మహా అయితే నాలుగు రోజులు, మిగతాదంతా ఫోటోయే చేసుకుపోతుంది. "నాకంటే నా ఫోటోకి గిరాకీ ఎక్కువ" అని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవారు. ఆ నవ్వు నాకు పడేది కాదు.

"సార్ మొహంలో పోయినవాళ్ల మంచితనం ఉంది" అనేవారు డైరెక్టర్లు. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనప్పుడు ఆ మంచితనం ఎక్కడికి పోయేదో వాళ్లకేం తెలుసు.

అక్కడ ఆయన పేరే ఫోటో నాన్న అయిపోయింది. ఒకసారి మందుల షాపులో ఓ పెద్దావిడ ఆయన్ని చూసి "అయ్యో, మీరు పోయారుగా బాబూ" అని చెయ్యి పట్టేసుకుంది. కావాలంటే గిల్లి చూసుకోమని ఈయన చెయ్యి అలాగే ఇచ్చి నిలబడ్డారు. మా అమ్మాయి చిన్నప్పుడు బళ్లో టీచరు "మీ నాన్న ఎక్కడ పనిచేస్తారమ్మా" అని అడిగితే "గోడ మీద" అంది. క్లాసంతా నవ్వింది. అది మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చి నా ఒళ్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న ఆయన ఫోటోలన్నీ తీసి బీరువాలో పడేశాను, పెళ్లి ఫోటోతో సహా. అప్పట్నుంచీ మా ఇంటి గోడలకి క్యాలెండరు, గడియారం తప్ప ఇంకేమీ లేవు. బతికున్న మనిషిని గోడకి తగిలించడం నావల్ల కాదు.

ఇక నా సంగతి. నేను డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తాను. ఈ ఊళ్లో కార్లు నడిపేవాళ్లలో చాలామంది నా చేత తిట్లు తిన్నవాళ్లే. నా కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు కొంప ముంచబోతున్నప్పుడు దాన్ని తొక్కడం నా ఉద్యోగం. ఇంతమందికి నేర్పినదాన్ని సొంత మొగుడికి నేర్పలేకపోయాను. పెళ్లయిన కొత్తలో ఒకసారి ప్రయత్నించాను. ఆయన మా పిన్నిగారి గేటుని గుద్దారు. "గేటు అక్కడుందని ముందు చెప్పాలిగా" అన్నారు. వారం రోజులు మా మధ్య మాటల్లేవు. అంతటితో ఆ ముచ్చట తీరిపోయింది.

అలాంటి మనిషికి ఒకరోజు కొత్త వేషం వచ్చింది. ఓ కుర్ర డైరెక్టరు, వారానికి ఒక భాగం వచ్చే కథ. దుకాణం మూతపడిన ఒక కుటుంబం పాత వ్యాను కొనుక్కుని బయల్దేరుతుంది. తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు, నాయనమ్మ. నాయనమ్మ జన్మలో సముద్రం చూడలేదు, చూపిస్తానని కొడుకు మాటిచ్చాడు. వారానికో ఊరు, ఊరికో గొడవ, చివరి వారం సముద్రం. వ్యాను నడిపేది తండ్రి. అంటే మొదటి నుంచి చివరిదాకా మా ఆయనే.

"ఎక్కడ పోతారు?" అని అడిగాను. అలవాటు కొద్దీ అడిగాను గానీ నాకు వేరే ఉద్దేశం లేదు.

"కథంతా విన్నాను. ఎక్కడా పోను" అన్నారు. "దగ్గు కూడా లేదు."

దగ్గు సంగతి చెప్పాలి. టీవీలో తండ్రి అన్నవాడు ఊరికే దగ్గడు. ఒక భాగంలో చిన్నగా దగ్గాడంటే వచ్చే వారానికి గోడ మీద మేకు సిద్ధమైనట్టే. దగ్గిన తండ్రి బతికి బట్టకట్టడం మా ఆయన తన అనుభవంలో చూడలేదు.

"డ్రైవింగ్ వచ్చా సార్?" అని డైరెక్టరు అడిగితే ఈయన "మా ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో టీచరండీ" అన్నారట. అబద్ధం కాదు. జవాబూ కాదు. ఆ అబ్బాయి సంతోషపడి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాడు.

నిజానికి ఆయనకి రాకపోయినా ఏమీ ఆగలేదు. టీవీలో బండి నడిపేవాళ్లెవరూ నడపరు. వ్యాన్ని ఒక పలక లాంటి ట్రెయిలర్ మీదికెక్కిస్తారు. దాన్ని ముందు లారీ లాక్కుపోతుంది. నటులు పైన కూర్చుని మాట్లాడుకుంటారు, స్టీరింగు పట్టుకున్నాయన నడుపుతున్నట్టు నటిస్తారు. షూటింగు నుంచి వచ్చాక ఈయన ఉత్సాహం చూడాలి. అన్నం తింటూ రెండు చేతులూ గాల్లో పెట్టి తిప్పేవారు. మా అమ్మాయి "నాన్నా, పళ్లెం పడిపోతుంది" అని పక్కకి లాగేది. కాలేజీకి వెళ్లే పిల్ల అయినా ఆ రోజుల్లో దాని మొహంలో చిన్నప్పటి వెలుగు కనిపించింది. వాళ్ల నాన్న మొదటిసారి వారం దాటి బతుకుతున్నారు మరి.

మొదటి భాగం వచ్చిన రోజు ముగ్గురం సోఫాలో కూర్చున్నాం. వ్యాను గీత గీసినట్టున్న రోడ్డు మీద పోతోంది. మా ఆయన స్టీరింగుని అటూ ఇటూ, అటూ ఇటూ, మజ్జిగ చిలికినట్టు చిలుకుతున్నారు. నిజంగా అలా తిప్పితే బండి మొదటి నిమిషంలోనే పొలంలో ఉంటుంది. పైగా కథలో భార్య వైపు తిరిగి, ఆవిడ కళ్లలోకి చూస్తూ, పెద్ద డైలాగు మొత్తం చెప్పేశారు. రోడ్డు వైపు చూస్తే ఒట్టు.

"ఎలా ఉంది?" అని అడిగారు.

"మీ మొహం చాలా బాగుంది" అన్నాను. నిజంగానే బాగుంది. కళ్లలో ప్రాణం ఉంది. "చేతులు మాత్రం నా పరువు తీశాయి."

మర్నాడు నా దగ్గర నేర్చుకునే అమ్మాయి కారెక్కుతూనే స్టీరింగుని అటూ ఇటూ ఊపి "ఇలాగే కదా మేడమ్?" అని కిసుక్కున నవ్వింది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. ఆయన నొచ్చుకుంటారనుకున్నాను. "అయితే నేర్పు" అన్నారు.

"ఈ వయసులోనా?"

"ఇన్నేళ్లు ఫోటోగా ఉన్నాను. ఫోటోకి చేతులుండవు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఉన్నాయి. నేర్పు."

మూతపడిన గోదాముల వెనక పెద్ద ఖాళీ స్థలం ఉంది. షూటింగు లేని ప్రతి ఉదయం అక్కడికి తీసుకెళ్లాను. నేను మంచి టీచర్ని, కానీ మొగుడి దగ్గర కాదు. ఆయన క్లచ్చి వదలడం చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. "మెల్లగా అంటే మెల్లగా! మీ సీరియల్ కోడలు తలుపేసినట్టు దబ్బున వదలకండి!" అని అరిచేదాన్ని. కిక్కురుమనేవారు కాదు. మళ్లీ చేసేవారు. నాలుగు మాటలకి నొచ్చుకునే మనిషి నా దగ్గర నలభై మాటలు పడి మళ్లీ తాళం తిప్పేవారు. ఆ మొండితనం ఇన్నేళ్లూ ఎక్కడ దాచుకున్నారో నాకర్థం కాలేదు.

మొదటి లైసెన్సు పరీక్ష తప్పారు. రోడ్డు పక్కన ఆపి ఉంచిన కారుకి దారిచ్చి చాలాసేపు మర్యాదగా నిలబడ్డారట. రెండోసారి పాసయ్యారు. కానీ ఒక్కటి మాత్రం చేతికి రాలేదు. ఎత్తు మీద బండి ఆగితే మళ్లీ ముందుకు తీయడం. సగం సార్లు ఇంజను ఆపేసేవారు. బండి వెనక్కి జారేది, నేను నా బ్రేకు తొక్కేదాన్ని. "నువ్వున్నావుగా" అనేవారు. అది చెడ్డ అలవాటని చెబుతూనే ఉన్నాను.

ఈలోగా కథ నడవడం లేదన్న సంగతి తెలుస్తూనే ఉంది. చూసేవాళ్లు లేరు. ఛానెల్ వాళ్లు సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి జరిపారు. తర్వాత ఒక వారం క్రికెట్ మ్యాచ్ కోసం ఎత్తేశారు. అరవై మాటలు చెప్పే నిర్మాత ఫోన్లో ఆరు మాటలకి దిగాడు.

ఒకరోజు ఆయన షూటింగు నుంచి పెందరాళే వచ్చేశారు. చెప్పులు విప్పకుండా కుర్చీలో కూలబడ్డారు.

"దగ్గమన్నారు" అన్నారు.

"ఎవరు?" అన్నాను.

"డైరెక్టరు. వ్యాను దిగేటప్పుడు చిన్నగా దగ్గండి సార్ అన్నాడు. మొహం చూడకుండా చెప్పాడు."

"దగ్గారా?"

"రావట్లేదన్నాను. మళ్లీ తీద్దామన్నాడు. మళ్లీ రాలేదన్నాను. మూడోసారి నీళ్లు తెప్పించాడు. తాగి, గొంతు ఇంకా బాగైంది బాబూ అన్నాను." వంగి చెప్పులు విప్పారు. "ఈసారి నేను చావనే."

ఇలాంటి కబురు వచ్చినప్పుడల్లా ఆయన చేసేది నాకు తెలుసు. భుజాలు ఎగరేసి "సరేలే, మన చేతుల్లో ఏముంది" అంటారు. నాలుగు రోజులు పేపరు వెనక మొహం దాచుకుంటారు. ఈసారి భుజాలు ఎగరలేదు. "రేపు పొద్దున నన్ను నిర్మాత ఆఫీసుకి తీసుకెళ్తావా?" అని అడిగారు.

"లైసెన్సుందిగా, మీరే నడపండి."

"నడుపుతాను. నువ్వు పక్కన కూర్చో."

ఆఫీసు ఒక ఫర్నిచరు షాపు మేడ మీద. లోపల నిర్మాత, కుర్ర డైరెక్టరు ఉన్నారు. డైరెక్టరు కళ్లు వాచి ఉన్నాయి. పాపం, అది వాడి మొదటి కథ. నిర్మాత మంచివాడే, కాకపోతే చేతులెత్తేసిన మనిషి.

"సార్, ఛానెల్ ఇంకొక్క భాగం ఇచ్చింది. ఒక్కటే" అన్నాడు. "సముద్రం దాకా వెళ్లాలంటే ట్రెయిలర్ కావాలి, లారీ కావాలి, రోడ్డు ఆపేవాళ్లు కావాలి. నావల్ల కాదు. అదే తండ్రి దారిలో పోయాడనుకోండి, కుటుంబం ఇంటికి తిరిగొస్తుంది. ఒక గది, ఒక రోజు. మీకు శ్రమ కూడా లేదు. మీ ఫోటో మా స్టోర్లో ఉండనే ఉంది. ఫ్రేముతో సహా. మీరు రానక్కర్లేదు."

మీరు రానక్కర్లేదు. ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, కుర్చీ ఎత్తి విసరాలనిపించింది నాకు. మా ఆయన మాత్రం గొంతు పెంచలేదు.

"మొదటి భాగంలో అమ్మకి సముద్రం చూపిస్తానని మాటిచ్చాను" అన్నారు. "చూపించకుండా పోతే నేను అబద్ధాలకోరునవుతాను."

"చూసేవాళ్లే లేరు సార్."

"ఉన్న నలుగురికీ ఇచ్చాం కదా మాట."

నిర్మాత డైరెక్టరు వైపు చూశాడు. డైరెక్టరు నేల చూపులు చూశాడు.

"ట్రెయిలర్ అక్కర్లేదు, లారీ అక్కర్లేదు" అన్నారు ఈయన. "వ్యాను నేనే నడుపుతాను. డీజిలు పోయించండి చాలు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి సముద్రం."

"అవును, మీకు వచ్చుగా, మొదటే చెప్పారు" అని డైరెక్టరు తలెత్తాడు.

"అప్పుడు రాదు. ఇప్పుడొచ్చు."

ముగ్గురూ నా వైపు తిరిగారు. ఉద్యోగం చేసే నోరు నాది. ఎవరికి వచ్చో ఎవరికి రాదో మొహం మీదే చెప్పే నోరు. "వచ్చు" అన్నాను. ఎత్తు మీద ఆగితే ఇంజను ఆపేస్తారన్న మాట మింగేశాను.

నిర్మాత చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. ఒక్క రోజు. వెలుగు పోయేలోగా అయిపోవాలి. మేడమ్ వ్యాన్లో ఉండాలి, కెమెరాకి కనబడకుండా. ఇంకో సంగతి, ఎందుకైనా మంచిది, ఫోటో సీను ముందే తీసి పెట్టుకుందాం."

"వద్దు" అన్నారు. "అది మీ చేతిలో ఉంటే మీరు అదే వేస్తారు. నేను చెయ్యలేకపోతే అప్పుడు తీసుకోండి. ఫోటో ఎక్కడికీ పోదుగా."

బయల్దేరిన రోజు నేను వ్యాన్లో డ్రైవరు సీటు వెనక, కింద పరుచుకున్న దుప్పటి మీద ముడుచుకుని పడుకున్నాను. పైన ఇంకో దుప్పటి. ఆయన పక్క సీట్లో కెమెరామన్. వెనక సీట్లలో కథలోని భార్య, పిల్లలు, నాయనమ్మ. డైరెక్టరు అన్నిటికంటే వెనక సామాన్ల మధ్య చిన్న తెర ఒకటి ఒళ్లో పెట్టుకుని ఇరుక్కున్నాడు. నాయనమ్మ వేషం వేసే పెద్దావిడ నన్ను చూసి "నా కొడుకుని నమ్మొచ్చా తల్లీ?" అని గుసగుసగా అడిగింది. "నా మొగుడిని నమ్మొచ్చు" అన్నాను. నాకే నమ్మకం లేదు.

నాకు రోడ్డు కనిపించదు. సీటు కింద సందులోంచి ఆయన ఎడమ కాలి మడమ ఒక్కటే కనిపిస్తోంది. క్లచ్చి మీది కాలు. టీచరుకి అది చాలు. ఆ మడమ లేచేది, దిగేది చూస్తే బండి ఏం చేయబోతోందో నాకు ముందే తెలిసిపోతుంది.

సమతలం మీద బాగానే పోయారు. కాసేపటికి వెనక నుంచి డైరెక్టరు "సార్, స్టీరింగు కాస్త తిప్పండి, నడుపుతున్నట్టు లేదు" అన్నాడు.

"వంపు వస్తే తిప్పుతాను" అన్నారు.

నేను దుప్పట్లో నవ్వాపుకోలేక చచ్చాను.

దారిలో షాట్లు తీసుకుంటూ పోయేసరికి పొద్దు వాలింది, అప్పుడు కొండదారి మొదలైంది. కొండ అవతలే సముద్రం. డైరెక్టరు కెమెరా ఆన్ చేయమన్నాడు. అదే అసలు షాటు. కొండెక్కి, అవతల సముద్రం కనిపించేదాకా ఒకే దెబ్బలో తీయాలని వాడి కోరిక. మళ్లీ కిందికెళ్లి మళ్లీ ఎక్కేంత వెలుగు లేదని వాడే చెప్పాడు. పిల్లలు తమ మాటలు చెప్పుకుంటున్నారు. కథలో భార్య తన మాటలు చెబుతోంది. బండి ఎక్కుతోంది.

ఉన్నట్టుండి మడమ కిందికి దిగింది. బండి ఆగింది. రోడ్డు పని చేసేవాడెవడో ఎర్ర జెండా అడ్డం పెట్టాడని తర్వాత తెలిసింది. నాకు తెలిసిందల్లా మేం ఎత్తు మీద ఆగామని. వెనకాల బరువు లారీ ఒకటి బుస్సుమంటూ వచ్చి ఆగింది. ఎంత దగ్గరగా అంటే, దాని ఇంజను వేడి నాకు తగిలినట్టనిపించింది.

ఎదురుగా ఈల వేశారు. వెళ్లమని కాబోలు. మడమ లేచింది, దబ్బున. ఇంజను ఆగిపోయింది.

బండి వెనక్కి జారింది. జానెడో, బెత్తెడో. లారీ హారను మోగింది. నాయనమ్మ "అమ్మో" అంది. అది నటన కాదు. నా కుడికాలు దానంతటదే నేలని తొక్కింది. అక్కడేమీ లేదు, వట్టి రేకు. ఇన్నేళ్లుగా నా కాలి కింద ఒక బ్రేకు ఉంది. ఆ క్షణంలో లేదు. హ్యాండ్ బ్రేకు, హ్యాండ్ బ్రేకు అని అరవబోయాను. అరిస్తే షాటు పోతుంది. షాటు పోతే ఆయన గోడెక్కుతారు. దుప్పటి నోట్లో కుక్కుకున్నాను.

కిర్రుమని చప్పుడైంది. హ్యాండ్ బ్రేకు. ఆయనే లాగారు.

ఇంజను మళ్లీ అందుకుంది. ఇప్పుడు మడమ వైపే చూస్తున్నాను. మెల్లగా లేచింది. ఇంకొంచెం. ఇంజను గొంతు బరువెక్కే చోట సరిగ్గా ఆగింది. అక్కడే ఉండండి, అక్కడే ఉండండి అని లోపల అనుకుంటున్నాను. ఉన్నారు. హ్యాండ్ బ్రేకు వదిలారు. వ్యాను ఒక్క అంగుళం కూడా వెనక్కి పోకుండా ముందుకు కదిలింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము వల్ల అని చెప్పను.

కొండ మీదికి వచ్చేశాం. పిల్లలు గట్టిగా అరిచారు, కాబట్టి సముద్రం కనిపించి ఉండాలి. రాసిన ప్రకారం తండ్రి అక్కడ బండి ఆపాలి, సముద్రం వైపు చూడాలి, కళ్లు చెమర్చాలి, పెద్ద డైలాగు చెప్పాలి. కానీ వెనక లారీ, ముందు దిగుడు, పక్కన లోయ. ఎక్కడ ఆపుతారు?

ఆయన ఆపలేదు. తల కూడా తిప్పలేదని తర్వాత డైరెక్టరు తెర మీద చూశాను. ఎదురుగా రోడ్డు చూస్తూనే "అమ్మా, కనిపిస్తోందా?" అని అడిగారు. ఆ మాట ఎవరూ రాయలేదు.

పెద్దావిడ "కనిపిస్తోంది నాన్నా" అంది. "నువ్వు రోడ్డు చూసుకో."

ఆయన రోడ్డు చూసుకుంటూనే కొండ దిగారు.

కింద ఇసుక పక్కన ఆపాక డైరెక్టరు సామాన్లలోంచి బయటికొచ్చాడు. "సార్, మీరు సముద్రం చూడలేదు" అన్నాడు దిగులుగా. "ఆఖరి షాటండీ. హీరో సముద్రం చూడకపోతే ఎలా?"

"నడిపేవాడు చూడడు బాబూ. వెనకున్నవాళ్లు చూస్తారు. అందుకే కదా తీసుకొచ్చింది."

వాడు ఒళ్లో తెర మీద మళ్లీ మొత్తం చూశాడు. ఆగిన ఇంజను, లారీ హారను, నాయనమ్మ అమ్మో అనడం, చివరి మాటలు. తల గోక్కున్నాడు. "ఇదే ఉంచుదాం" అన్నాడు.

నేను దుప్పటి తోసుకుని లేచాను. ఆయన చెయ్యి ఇంకా హ్యాండ్ బ్రేకు మీదే ఉంది, తీయడం మర్చిపోయినట్టు. "సగం కొండ సెకండ్ గేర్లోనే లాగారు" అన్నాను. "తెలుసు" అన్నారు. అప్పుడు ఆ చేతి మీద నా చెయ్యి వేశాను. ఆయన్ని చూసి నాకు గర్వంగా ఉందని చెప్పాను. ఇన్నేళ్లలో ఆ మాట నేనెప్పుడూ అనలేదు. ఆయన అప్పుడు సముద్రం వైపు తిరిగారు. నేనూ అప్పుడే చూశాను.

ఆ భాగం ఒక మధ్యాహ్నం వచ్చి వెళ్లిపోయింది. ఊరేమీ కదల్లేదు. మా అమ్మాయి రెండుసార్లు చూసి రెండుసార్లూ ఏడ్చింది. నా దగ్గర నేర్చుకునే ఆ అమ్మాయి మాత్రం "మీ ఆయన అసలు నడిపినట్టే లేదు మేడమ్, చేతులు కదల్లేదు" అంది. దానికి ఆ రోజు ఎత్తు మీద బండి తీయడం పదిసార్లు చేయించాను.

ఆ రోజు సముద్రం దగ్గర కెమెరామన్ ఒక ఫోటో తీశాడు. మా ఆయన స్టీరింగు ముందు, నవ్వుతూ, నుదుటి మీద చెమటతో. ఒకటే ప్రతి ఇచ్చాడు. మా అమ్మాయి గోడకి పెడదామంది. నేను ఒప్పుకోలేదు. తీసుకెళ్లి నా కారులో, స్పీడు చూపించే ముల్లు పక్కన అంటించాను. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరని అడుగుతారు. నా స్టూడెంటని చెబుతాను.

తర్వాత నెలలు గడిచాయి గానీ ఆయనకి పని రాలేదు. పైకి అనకపోయినా ఇద్దరికీ బెంగే. ఒక ఉదయం ఫోను మోగింది. కొత్త సీరియల్ వాళ్లు. ఫోను బల్ల మీద పెట్టి మాట్లాడుతున్నారు కాబట్టి నాకూ వినిపించింది.

"సార్, మీరు వ్యాన్లో నవ్వుతున్న ఫోటో ఉందట కదా. చాలా బాగుందని విన్నాం. హాల్లో పెడతాం. ఒక కాపీ పంపితే చాలు, మీరు రానక్కర్లేదు."

"ఆ ఫోటో ఖాళీగా లేదండీ" అన్నారు.

"అంటే?"

"ఉద్యోగంలో ఉంది. మనిషి ఖాళీగా ఉన్నాడు. కావాలంటే మనిషిని పిలవండి."

అటువైపు నవ్వి పెట్టేశారు. నేను కూరలో ఉప్పు చూసుకుంటూ ఉండిపోయాను. భయం వేసింది, అబద్ధమెందుకు. కానీ ఆయన పేపరు వెనక మొహం దాచుకోలేదు. నా పక్కకొచ్చి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టారు.

మళ్లీ చాలా రోజులకి అదే గొంతు.

"సార్, మొన్నటి తండ్రి వేషమేనండీ. కథ కాస్త మార్చాం. పోడు. మంచం పడతాడు. మాటలుండవు, కదలికుండదు. వారానికి రెండు రోజులు మీరు వచ్చి పడుకోవాలి."

"బతికే ఉంటాడా?"

"ఉంటాడు సార్."

"దగ్గుతాడా?"

అవతలి మనిషి కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. "లేదండీ. ఎక్కడా లేదు."

"అయితే వస్తాను" అన్నారు.

ఫోను పెట్టేశాక నేను ఆయన వైపు చూశాను. "కదలికుండదట కదా. ఫోటోకీ దానికీ తేడా ఏముందండీ?"

"ఫోటోకి కళ్లార్పడం రాదు" అన్నారు. "మొదటి వారం కళ్లార్పుతాను. రెండో వారం వేలు కదుపుతాను. మంచం మీంచి ఎప్పుడు లేవాలో నేను చూసుకుంటాలే." చెయ్యి చాపారు. "తాళాలియ్యి. స్టూడియో కొండ మీద ఉంది. ఒకసారి దారి చూసొద్దాం."

ఇచ్చాను. ఆయన కారు తీశారు. నేను పక్క సీట్లో రెండు కాళ్లూ పైకి మడిచి పెట్టుకుని, బఠాణీలు నములుతూ కూర్చున్నాను.